ఒంటి రక్షణ

నమోదు 1. తూర్పు గాలి. రెక్కలు మూడూ బాగానే తిరుగుతున్నాయి.

గాలి ఎటు నుంచి వీస్తోందో రాస్తే చాలు, మిగతాది అక్కర్లేదని ఒడ్డు వాళ్ళు చెప్పారు. పలక మాత్రం గుమ్మం తలుపంత ఇచ్చారు. గాలికి అంత చోటెందుకు? మిగిలిన చోట నా సంగతులు రాసుకుంటాను. చదివేవాళ్ళు లేరని తెలుసు. ఉంటే రాసేవాణ్ణి కాదేమో.

నేను నాలుగో గాలిస్తంభం కాపలాదారుని. పేరు ఏడుకొండలు. నా కింద సముద్రం, దాని కింద ఒకప్పటి వరిపొలాలు. పోటు తగ్గి నీళ్ళు బాగా తీసినప్పుడు రైసుమిల్లు పొగగొట్టం మూతి బయటపడుతుంది. కొంగలు దాని మీద వాలతాయి. పొద్దున లేచి మెట్లకు పట్టిన ఆల్చిప్పలు గీకాలి, రెక్కల కీళ్ళకు గ్రీజు పెట్టాలి, వాన నీళ్ళు వడగట్టాలి. అవన్నీ అయ్యాక పై కమ్మీకి నా నీలం లుంగీ కట్టాలి. ఎదురుగా, చూపు ఆనే దూరంలో మూడో స్తంభం ఉంది. అక్కడ పై కమ్మీకి ఎర్ర చీర ఎగురుతుంది. నేను లేచాను, బతికే ఉన్నాను అని దాని అర్థం. ఒడ్డు వాళ్ళు పెట్టిన నియమం కాదిది. మాకు మేం పెట్టుకున్నది.

ఆ చీర మనిషి పేరు నాంచారమ్మ. ఇన్నేళ్ళలో ముఖాముఖి చూసుకున్నది లేదు. స్తంభం వదిలి వెళ్ళకూడదు, వెళ్ళడానికి పడవా లేదు. సాయంత్రం రేడియోలో మాట్లాడుకుంటాం. మొట్టమొదటి రోజు ఆమె, "నాలుగూ, వినపడతందా?" అని పిలిచింది. నేను, "వినపడతంది మూడూ" అన్నాను. అక్కడే మాకు వరస తప్పిపోయింది. తరవాత అక్కా అందామంటే ఆలస్యమైపోయింది, వదినా అందామంటే మొహమాటం. అంకెలే మిగిలాయి.

నమోదు 2. తూర్పు గాలే.

ఒడ్డున ఆరోగ్య చట్టం మారుస్తారట. స్తంభాల వాళ్ళందరం రేడియో ఉమ్మడి లైనులో కూర్చుని ఒకటే వాదన. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు గానీ, ఇది అలా కొట్టిపారేసే సంగతి కాదు.

ఇప్పటిదాకా అందరికీ ఉమ్మడి రక్షణ. జబ్బు చేస్తే వైద్యం పడవ వస్తుంది. పడవలో నయంతొట్టి ఉంటుంది. దెబ్బ తగిలిన చోటు అందులోని ఆకుపచ్చ నీళ్ళలో ముంచి పడుకుంటే ఎముకా, మాంసం నెమ్మదిగా అతుక్కుంటాయి. ఎంతసేపు కావాలంటే అంతసేపు. మంచిదే, మన వంతు వస్తే. నా పంటి నొప్పికి పడవ వచ్చేసరికి పన్ను తనంతట తనే ఊడిపోయింది. డాక్టర్ షమీమ్‌కు దాన్ని చేతిలో పెట్టి చూపిస్తే, "మరి నయమైపోయిందిగా" అంది.

కొత్త చట్టం వస్తే ఏడాదికి ఇంత అని తొట్టిలో ఎవరి వాటా వాళ్ళకుంటుంది. ఎవరి వాటాకు వాళ్ళే యజమానులు. నేను దాని వైపు. అదే లైనులో చెప్పాను.

"పొత్తుల మగడు పుచ్చి చచ్చాడంట. అందరిదీ అంటే ఎవరిదీ కాదని. నా ఒళ్ళు, నా వాటా, నా ఇష్టం."

"ఓరి ఒంటికాయ సొంటికొమ్మూ!" అంది నాంచారమ్మ. "వాటా అయిపోయినాక జొరమొస్తే ఏం చేస్తావయ్యా? వచ్చే ఏడు రమ్మని జొరానికి చెప్తావా?"

లైనంతా నవ్వులు.

"నవ్వితే నవ్వండి. నా జబ్బు కోసం నీ వైద్యం ఎందుకాగాలి మూడూ? నా వెనకాల నువ్వెందుకు నిలబడాల?"

"నిలబడితే నా కాళ్ళేం అరిగిపోతాయి?" అంది.

నమోదు 4. పడమటి గాలి. ఒక రెక్క మూలుగుతోంది.

మా వైపే గెలిచింది. ఎంపిక చట్టమని పేరు పెట్టి ఆ వాటాల చట్టం తెచ్చేశారు.

సాయంత్రం నాంచారమ్మ ఎప్పటిలా పిలిచింది గానీ గొంతులో పస లేదు. "గెలిచావుగా నాలుగూ. ఇంక ఎవరికి వారే యమునా తీరే" అంది. తరవాత చేపలు ఎండుతున్నాయా అని అడిగింది. ఎండుతున్నాయన్నాను. అంతే.

గెలిచినవాడికి అన్నం సయించాలి కదా. సయించలేదు. ఎండుచేప వేయించుకుని, ప్లేటు ముందు పెట్టుకుని ఎర్ర చీర వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఇద్దరికీ వాదన ఒక్కటే పెద్ద కాలక్షేపం. అదీ గెలిచి పాడుచేసుకున్నాను.

నమోదు 5. పడమటి గాలి, కాస్త జోరుగా.

షమీమ్ పలుకుపెట్టె తెచ్చిచ్చింది. అగ్గిపెట్టెకు అన్నలా ఉంది. అది అడుగుతుంది, మనం నోటితో చెప్పాలి. ఒకసారి చెబితే వచ్చే ఎంపిక కాలం దాకా మార్చడానికి లేదు.

"రెండే ఉన్నాయండీ" అని వివరించింది షమీమ్. "ఒంటి రక్షణ అంటే మీ వాటా మీ ఒక్కరిదే. పొత్తు రక్షణ అంటే ఇద్దరు వాటాలు కలుపుకుంటారు, ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకుంటారు. మీరు ఎవరితో పొత్తో పేరు చెప్పాలి. అవతల ఆ మనిషి కూడా తన పెట్టెతో పొత్తు అనాలి. అప్పుడే కలుస్తుంది."

"నేను అడిగినట్టు ఆ మనిషికి చెప్తదా?"

"చెప్పదు. ఇద్దరూ పొత్తు అన్నాకే పేర్లు చెబుతుంది. ముందే చెబితే మొహమాటానికి ఒప్పుకుంటారట. చట్టం రాసినవాళ్ళకు మనవాళ్ళ సంగతి బాగా తెలుసు."

మూడో స్తంభానికి కూడా ఇచ్చారా అని, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను. అక్కడ అలలు పెద్దవిగా ఉండి పడవ ఆనలేదట. పెట్టెను తాడుకు కట్టి పైకి పంపేసిందట. "పెట్టే అన్నీ అడుగుతుంది కదండీ" అంది.

ఆమె వెళ్ళాక పెట్టె ముందు కూర్చున్నాను. "మీకు ఒంటి రక్షణ కావాలా, పొత్తు రక్షణ కావాలా?" అని అడిగింది. గొంతు తియ్యగా, పెళ్ళివారింట్లో కాఫీయా టీయా అన్నట్టు ఉంది.

"పొత్తు. మూడో స్తంభం నాంచారమ్మతో" అన్నాను.

ఇంతకాలం వాదించి ఇప్పుడు ఇదేమిటని ఎవరైనా అడగొచ్చు. నా వాటా నా ఇష్టం అన్నాను. ఇది నా ఇష్టం. ఆమెకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ నవ్వు నేను భరించలేను. ఉమ్మడి ఉమ్మడి అని గొంతు చించుకున్న మనిషి, పొత్తు కాక ఇంకేం అంటుంది? పెట్టె తనంతట తనే ఆమెకు నా పేరు చెప్పిన రోజు చూద్దాం.

నమోదు 6. గాలి దిక్కు చూడలేదు.

పెట్టె పలికింది. "మీరు కోరిన వ్యక్తి ఒంటి రక్షణను ఎంచుకున్నారు. మీకు కూడా ఒంటి రక్షణే వర్తిస్తుంది. ధన్యవాదాలు."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది, మళ్ళీ ధన్యవాదాలతో సహా.

సాయంత్రం రేడియో పిలిచింది. తియ్యలేదు.

నమోదు 9. దక్షిణపు గాలి. అందరూ హాయి అంటారు దీన్ని.

నాకు బాధగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు, చదివేవాళ్ళు లేరుగా.

మాటలన్నీ ఉమ్మడివి, వాటా దగ్గరకొచ్చేసరికి ఒంటి. చెప్పేవి శ్రీరంగనీతులు. నేనైతే ఉన్నమాట బయటికే అన్నాను, ఈవిడ నాకంటే గట్టిది. రేడియో రోజూ పిలుస్తోంది. గొంతు వినపడకుండా మీట తిప్పేశాను. ఏం చెబుతుందిలే, చేపలు ఎండుతున్నాయా అంటుంది.

ఇంకొకటి. ఆమె చీర ఇప్పుడు పై కమ్మీకి కట్టడం లేదు, కింది కమ్మీకి కడుతోంది. నాకు సరిగ్గా కనపడకూడదని కాబోలు. సరే, మంచిది. నా లుంగీ మాత్రం పైనే కట్టాను. కట్టకుండా ఉందామనుకున్నాను గానీ చేతులు ఊరుకోలేదు.

కొంగలతో మాట్లాడుతున్నాను ఈమధ్య. అవి వాదించవు. వాదించని వాళ్ళతో ఎంతసేపని మాట్లాడతాం?

నమోదు 11. గాలి లేదు. రెక్కలు ఆగిపోయాయి.

పొద్దున చీర లేదు. పై కమ్మీకీ లేదు, కింది దానికీ లేదు. ఎండ ఎక్కేదాకా చూశాను. కోపం ఎటు పోయిందో తెలియదు. పరుగెత్తి రేడియో మీట తిప్పాను.

"మూడూ! మూడూ, వినపడతందా?"

చాలాసేపటికి పలికింది. "ఇప్పుడు గుర్తొచ్చానా నాలుగూ? ఎన్నిసార్లు పిలిచానయ్యా నిన్ను."

"చీరేది?"

"కమ్మీ దాకా పోలేకపోతన్నా. మెట్ల మీద ఆల్చిప్ప అరికాలు కోసింది. చిన్నదేలే అనుకున్నా. పైకెక్కలేక కొన్నాళ్ళు కింద కమ్మీకే కట్టా. ఇప్పుడు లేవలేకపోతన్నా. మోకాలి దాకా వాచింది, నల్లబడతంది."

"పడవను పిలవలా?"

"పిలిచా, వచ్చింది. తొట్టిలో పెట్టి, మళ్ళీ తీసేశారు. వాటా అయిపోవచ్చిందంట. అదేంటమ్మా, నేను ఒంటి మొత్తానికీ తీసుకున్నాగా అన్నా. డాక్టరమ్మకి నా మాట అర్థమే కాలా. నువ్వు చెప్పు నాలుగూ, కాలు ఒంట్లోది కాదా?"

నాకూ అర్థం కాలేదు. "ఒంటి మొత్తానికేంటి?" అన్నాను.

"ఆ పెట్టె అడిగిందిగా, ఒంటికి కావాలా, పొత్తికి కావాలా అని. పొత్తికడుపులో నాకేం రోగమయ్యా, ముట్లుడిగి ఎన్నాళ్ళయింది. ఒంటికే పెట్టమన్నా. ఒళ్ళంటే అన్నీ వచ్చేస్తాయిగా."

ఒంటి అంటే ఒళ్ళనుకుంది. పొత్తు అంటే పొత్తికడుపనుకుంది. తెలుగు తెలిసిన మనిషి ఇంకెట్లా అనుకుంటుంది? ఒంటి నొప్పులంటాం, ఒంటికి నలుగంటాం, ఒంట్లో బాగాలేదంటాం. చిన్న ముక్క వద్దు, మొత్తం కావాలని కోరుకుంది. నేనేమో నన్ను వద్దందని అలిగి కూర్చున్నాను.

"ఒంటి అంటే ఒళ్ళు కాదు మూడూ" అన్నాను. "ఒంటి అంటే ఒక్కళ్ళకే. పొత్తంటే ఇద్దరు కలిపి."

"ఇద్దరా? నాకు రెండో మనిషెవరు?"

"నేనే. నీ పేరు చెప్పా."

గాలి కూడా లేదేమో, లైనులో ఆమె ఊపిరి స్పష్టంగా వినపడింది.

"ఆ ముక్క నాతో చెప్పకూడదా నాలుగూ?"

"నువ్వు వద్దన్నావనుకున్నా."

"నేనెందుకంటానయ్యా వద్దని?" అంది.

నమోదు 12. గాలి ఇంకా లేదు.

షమీమ్‌ను లైనులోకి పిలిచాను. నా వాటా అంతా అలాగే ఉంది, ముట్టుకోలేదు, ఆమె కాలికి వాడండి అన్నాను.

"ఒంటి వాటా ఇంకొకరికి మార్చడానికి వీల్లేదండీ."

"నేనే ఇస్తన్నాగా! నా వాటా నా ఇష్టమనేగా చట్టం తెచ్చింది?"

"వాడుకోవడం మీ ఇష్టం. ఇవ్వడం మీ ఇష్టం కాదు."

ఒడ్డు కార్యాలయం వాళ్ళను కూడా లైనులోకి లాగాను. పొరపాటు జరిగిందని మొత్తుకున్నాను. వాళ్ళు నాంచారమ్మ గొంతు దాచి పెట్టారు, వినిపించారు. వెనక రెక్కల కిర్రు. ఆ మధ్యలో ఆమె, "పొత్తికేం, బానే ఉందమ్మా. ఒంటికే పెట్టు" అంటోంది. అవతల ఎవరో నింపాదిగా, "ఎంపిక స్పష్టంగానే ఉందండీ" అన్నాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు, పొత్తికడుపు బాగుందని చెప్పలేదా అని అరిచాను. వచ్చే ఎంపిక కాలంలో సరిచేసుకోవచ్చన్నాడు.

ఉమ్మడి లైనులో మిగతా స్తంభాల వాళ్ళూ వింటున్నారు. ఏడో స్తంభం మొగుడూ పెళ్ళాలు అప్పుడు బయటపడ్డారు. ఒళ్ళు జాగ్రత్తగా ఉంటే చాలని చెరొక ఒంటీ తీసుకున్నారట.

"కాలు సంగతి చెప్పండి డాక్టరమ్మా" అన్నాను.

షమీమ్, "నయం చెయ్యాలంటే తొట్టిలో చాలాకాలం ఉంచాలండీ. ఆవిడకు మిగిలినదానికి అది చాలదు. తీసేయడానికైతే చాలుతుంది" అంది.

"ఒంటరి రక్షణ అని పేరు పెట్టుంటే ఏ ఒక్కరూ పొరబడేవాళ్ళు కాదు."

"ఆ పేరు పెడితే ఏ ఒక్కరూ తీసుకునేవాళ్ళు కాదండీ" అంది. ఆమె గొంతులోనూ ఏడుపుంది.

పొత్తుల మగడు పుచ్చి చచ్చాడన్నాను. ఏ పొత్తూ లేకుండానే ఆమె కాలు పుచ్చిపోయింది. నేను ముందే రేడియో తీసి ఉంటే ఏమయ్యేదని షమీమ్‌ను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

నమోదు 13. తూర్పు నుంచి చిన్న తెమ్మెర.

నాంచారమ్మను ఒడ్డుకు తీసుకుపోయారు. దారిలో పడవను నా స్తంభం పక్కగా పోనివ్వమని షమీమ్‌ను బతిమాలాను. పోనిచ్చింది.

మెట్ల మీద చివరిదాకా దిగి నిలబడ్డాను. పడవలో ఎర్ర చీర కప్పుకుని ఒక చిన్న మనిషి పడుకుని ఉంది. రేడియోలో ఆ గొంతుకు నేను మంచి పొడుగూ పుష్టీ ఉన్న మనిషిని ఊహించుకున్నాను. తల తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంత పొడుగా నువ్వు?"

"ఇంత పొట్టా నువ్వు?"

నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టిందేమో పళ్ళు బిగబట్టింది. తాడుకు బుట్ట కట్టి ఎండుచేపలు దింపాను. ఆసుపత్రిలో తిననివ్వరని షమీమ్ అంటున్నా నాంచారమ్మ బుట్టను పక్కకు లాక్కుంది.

"లుంగీ మాత్రం రోజూ కట్టు" అంది.

"ఎవరు చూడ్డానికి?"

"కట్టవయ్యా, చెప్తన్నాగా."

పడవ తిరిగింది. చెయ్యి ఊపుదామనుకుని, ఆ చేత్తోనే కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

నమోదు 20. ఈదురు గాలి. రెక్కలు జోరుగా తిరుగుతున్నాయి.

కాలు మోకాలి కింద తీసేశారు. మనిషి దక్కింది. ఒంటికాలితో స్తంభం మెట్లెక్కడం కుదరదు కాబట్టి ఇక తిరిగి రాదు. ఆ సంగతి రేడియోలో ఒడ్డు వాళ్ళు ఒక్క వాక్యంలో చెప్పారు.

మూడో స్తంభంలో ఇప్పుడు యంత్రం ఉంది. సాయంత్రం అలవాటు చొప్పున రేడియో పట్టుకుని, "మూడూ, వినపడతందా?" అన్నాను. "మూడో స్తంభం. అంతా సవ్యం" అంది. చేపలు ఎండుతున్నాయా అని అడిగాను. "మూడో స్తంభం. అంతా సవ్యం."

లుంగీ కడుతున్నాను. ఎదుటి కమ్మీలు బోసిగా ఉన్నాయి. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను ఒంటరివాణ్ణని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అది ఒంటరితనం కాదు. ఇది.

నమోదు 48. తూర్పు గాలి.

ఎంపిక కాలం మళ్ళీ వచ్చింది. స్తంభాల వాళ్ళం గోల పెట్టగా పెట్టగా చట్టంలో రెండు మార్పులు చేశారు. ఉమ్మడి రక్షణ తిరిగి రాలేదు. మొదటి మార్పు, పొత్తు కోరే ఇద్దరూ ఒకే లైనులో ఉండి ఒకరి మాట ఒకరు వింటూ చెప్పాలి. రెండోది, పేర్లు మార్చారు. ఒంటి రక్షణ ఇప్పుడు ఏకవ్యక్తి రక్షణ. పొత్తు రక్షణ బహువ్యక్తి రక్షణ. ఇక ఏదీ ఎవరికీ అర్థం కాదు, కాబట్టి పొరపాటు పడడానికీ లేదు.

పెట్టె ముందు కూర్చున్నాను. అవతల ఒడ్డున ఆమె ముందు ఇంకో పెట్టె.

"నాలుగూ, వినపడతందా?"

"వినపడతంది మూడూ."

"మీకు ఏకవ్యక్తి రక్షణ కావాలా, బహువ్యక్తి రక్షణ కావాలా?" అంది పెట్టె.

"పొత్తు" అన్నాను.

"పొత్తే. కడుపు కాదమ్మోయ్, మనిషి" అంది నాంచారమ్మ.

"నమోదు చేస్తున్నాను. మీ ఇద్దరి మధ్య సంబంధం చెప్పండి." జాబితా కూడా చదివింది. భార్యాభర్తలు, తోబుట్టువులు, తల్లీబిడ్డలు, వియ్యంకులు, మిత్రులు. మిత్రులు అన్న చోట ఒక్క క్షణం ఆగాను. అది ఊళ్ళో వాళ్ళ మాట. పక్కపక్కన కూర్చుని టీ తాగేవాళ్ళ మాట. మేం ఎప్పుడూ పక్కన లేము.

"ఎదురు స్తంభం" అన్నాను.

"ఆ సంబంధం జాబితాలో లేదు. దయచేసి మళ్ళీ చెప్పండి."

"ఎదురు స్తంభం."

"మూడో స్తంభంలో మనుషులెవరూ లేరు. దయచేసి మళ్ళీ చెప్పండి."

లైనులో నాంచారమ్మ ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తరవాత వాదన రోజుల నాటి గొంతు వచ్చింది. "జాబితాలో లేకపోతే కొత్తగా రాసుకోమ్మా. ఎదురు స్తంభం. ఇద్దరం అదే చెప్తన్నాంగా."

పెట్టె వేచి ఉండమంది. చాలాసేపు వేచి ఉండమంది. మేం ఎవరమూ లైను పెట్టెయ్యలేదు.

"లుంగీ కట్టావా?" అని అడిగింది నాంచారమ్మ.

"కట్టా."

"పైనేనా?"

"పైనే" అన్నాను.